వాగుకు ఎదురెళ్ళిన పిల్లలు

లారీ వస్తున్న చప్పుడు వినిపించింది. కానీ అటువైపు రోడ్డు లేదు. కొండలూ, వాటి మధ్య మేం దిగిన ఎండిన వాగూ తప్ప ఏమీ లేదు.

మేమున్న చోట ఎండ కాస్తోంది. దూరంగా కొండల మీద మాత్రం మబ్బు నల్లగా కమ్ముకుంది. బస్సు దిగేటప్పుడు దాన్ని చూసి, అక్కడ వాన పడుతున్నట్టుంది, వాళ్ళ అదృష్టం అనుకున్నాను. అనంతపురంలో పుట్టినదాన్ని. మబ్బును చూసి భయపడటం నాకు ఎవరూ నేర్పలేదు.

మా ఆయన ఇక్కడ ఒమాన్‌లో రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు. పిల్లల బడి ఇంగ్లండు చర్చి వాళ్ళది. రెండు గదులూ, రేకుల వరండా. చర్చి బడే గానీ అన్ని దేశాల, అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. చర్చి వాళ్ళ పంటల పండగకు తలా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టమంటే ఒకరు ఖర్జూరాలు తెచ్చారు, ఒకరు డబ్బాలో పళ్ళు తెచ్చారు, మేం కందిపప్పు పెట్టాం. మా పాప ఇంట్లో దేవుడి పటం ముందు కూడా చివర్లో 'ఆమెన్' అంటుంది. నేను దిద్దలేదు. నెలకోసారి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి, చూసినవి బొమ్మలు గీయిస్తారు. సాయానికి వంతులవారీగా ఒక తల్లి వెళ్ళాలి. ఆ రోజు వంతు నాది.

పిల్లలు వాగులో గుండ్రాళ్ళు ఏరుతున్నారు, వాళ్ళ టీచరమ్మ దగ్గరే ఉంది. బడి ఆయా నా పక్కన బండ మీద గొడుగు వేసుకుని కూర్చుంది. కడప నుంచి వచ్చిన లావుపాటి ముస్లిం మనిషి. నాతో మాత్రం తెలుగే.

"ఏందక్కా, అట్ల చెవులు రిక్కించినావు?"

"చప్పుడు వినపల్లేదా నీకు?"

"యాడో సైట్‌లో బండిలే. నీకు ప్రతిదానికీ భయమే. మొన్న మీ బాబు తుమ్మినాడని డాక్టర్ దగ్గరికి పోదామంటివి!"

అంతలో వంపు దగ్గర నీళ్ళు కనిపించాయి. నాలుగు వేళ్ళ లోతే. ఎండుపుల్లల్నీ నురగనీ ముందుకు తోసుకుంటూ వస్తున్నాయి. టీచరమ్మ ఈల వేసింది. ఈల వినగానే చేతిలో ఉన్నవి వదిలేసి గట్టెక్కాలని బయలుదేరే ముందే చెప్పింది. పిల్లలంతా రాళ్ళు పడేసి, వాళ్ళ వెనకే ఆయా, గట్టుకు పరిగెత్తారు. ఇద్దరు తప్ప. ఆ ఇద్దరూ నా పిల్లలే. పాప తమ్ముడి చెయ్యి పట్టుకుని నీళ్ళకు ఎదురు లాక్కుపోతోంది.

"గంగమ్మ వచ్చింది రా! గంగమ్మ!"

మా వైపు ఎండిన ఏటికి నీళ్ళొస్తే ఊరంతా ఎదురెళుతుంది. పసుపూ కుంకుమా వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆ తొలి నీళ్ళు నెత్తిన చల్లుకుంటారు. పోయిన సెలవుల్లో మా అమ్మ వీళ్ళిద్దరినీ అలాగే ఏట్లోకి దింపింది. ఆ నీళ్ళు మెల్లగా వచ్చి పాదాలు తడిపాయి. పిల్లలు దణ్ణం పెట్టారు. ఈ కొండల నీళ్ళు అలాంటివి కావని వాళ్ళకెలా తెలుస్తుంది?

చీర ఎగదోపుకుని రాళ్ళ మీద పరిగెత్తాను. బాబును చంకలో ఇరికించుకున్నాను. పాప జడ చేతికందితే జడే పట్టి లాగాను. నీళ్ళు అప్పటికే నా మోకాళ్ళ దాకా వచ్చాయి, కాళ్ళ కింద రాళ్ళు కదులుతున్నాయి. ఆయా గట్టు సగం దిగి చెయ్యి అందించింది. ఆమె నడుము టీచరమ్మ పట్టుకుంది. పైకి చేరి వెనక్కి చూస్తే, ఇందాక మేం కూర్చున్న బండ కనపడలేదు. బురద నీళ్ళు ఒక చెట్టును వేళ్ళతో సహా దొర్లించుకుపోతున్నాయి.

టీచరమ్మ పిల్లల్ని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. తర్వాత పాప ముందు కూలబడి, దాని బురద కాళ్ళు తన గౌనుతోనే తుడిచింది. వీళ్ళు నీళ్ళకు ఎదురెందుకు వెళ్ళారని నన్నడిగింది. చెప్పాను. పాప కాళ్ళు అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేనూ పోయేదాన్నే అక్కా," అంది ఆయా. "పెన్నకు నీళ్ళొస్తే మా అమ్మ కూడా మొక్కేది. ఈల ఇనపడకుంటే అందరికంటే ముందు నేనే మునిగేదాన్ని."

"నిన్ను లాక్కుపోవాలంటే ఇంకో వాగు రావాల్లే," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం మా ఆయన, "బడీ వద్దు ఏమీ వద్దు, చదువు ఇంట్లోనే చెప్పుకో," అన్నాడు. నాకూ అదే అనిపించింది. పిల్లలు కళ్ళ ముందుంటే చాలు. కానీ పాప అన్నం ముట్టలేదు. స్నానానికి చెంబుతో నీళ్ళు పోయబోతే గోడకు నక్కింది. "గంగమ్మకు నా మీద కోపమా అమ్మా?" అంది. బడి మాన్పిస్తే ఆ మాట నిజమని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

పొద్దున్నే ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ చెప్పాను:

"కోపం కాదు నాయనా. మన ఊరి ఏరు చానా దూరం నడిచి, అలిసిపోయి మెల్లగా వస్తుంది. ఇక్కడిది కొండ మీదినుంచి పరిగెత్తుకుంటా వస్తుంది. ముందర ఎవరుండారో చూసుకోదు. అందుకని ఇక్కడ ముందు గట్టెక్కాల, ఆ తర్వాతే దణ్ణం. గట్టు మీదినుంచి పెట్టినా అందుతుంది. ఊఁ, ఇంక బూట్లేసుకోండి. బస్సొస్తుంది."