ఇవనగా కన్ను, కినుయో పిల్లులు

మినె కినుయో తనను పిల్లుల ప్రేమికురాలినని ఎన్నడూ చెప్పుకోలేదు. “అవి వస్తాయి, నా దగ్గర చేప ఉంటుంది. అంతకన్నా ఏముంది ఇందులో?” అనేది. గోతో దీవుల్లో పుట్టి, చదువు అయీ అవకముందే పడవెక్కి నాగసాకికి వచ్చింది. ఆనాటినుంచీ రేవు దగ్గర ఒకే దుకాణంలో పనిచేస్తోంది. చేపమాంసాన్ని మెత్తగా రుబ్బి, చెక్కపలకల మీద దిమ్మలుగా పెట్టి, ఆవిరికి ఉడికించి అమ్మే దుకాణం అది. రోజంతా మంచునీళ్ళలో నానే చేతులు సాయంత్రానికి మొద్దుబారిపోయేవి. మధ్యలో ఓడల ఇంజన్లు బాగుచేసే మనిషిని పెళ్ళి చేసుకుని కొన్నాళ్ళు కాపురం చేసింది. ఇద్దరికీ పొసగలేదు. గొడవలేమీ లేకుండానే విడిపోయారు. ఆ తర్వాత కొండవాలు మీద, కారు కాదు కదా సైకిలు కూడా ఎక్కని మెట్లసందులో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండిపోయింది.

దుకాణంలో మిగిలిన చేపతలలూ తోకలూ సంచిలో వేసుకుని ఆమె మెట్లెక్కుతుంటే గోడల మీదినుంచి, నీటి తొట్ల వెనకనుంచి వంకరతోకల పిల్లులు ఒక్కొక్కటీ దిగివచ్చేవి. వాటికి ఆమె తిండిపదార్థాల పేర్లే పెట్టింది. బూడిదరంగుది నువ్వులు. బియ్యప్పిండి ఉండలా తెల్లగా బొద్దుగా ఉండేది మోచి. వాటిల్లో చిన్నది, గోధుమరంగు చారల గండుపిల్లి, చెస్ట్‌నట్ గింజలా ఉందని దాన్ని కురి అంది. కురి మిగతావాటిలా ఎగబడేది కాదు. పక్కన కూర్చుని, అందరూ తిన్నాక ఏదో మర్యాదకు రెండు ముక్కలు కొరికి వెళ్ళిపోయేది. సరిగా తినడం లేదని కినుయోకు దాని మీద కాస్త బెంగ కూడా ఉండేది.

సందు కింది మలుపులో ఇవనగా క్షవరశాల. ఇవనగా భార్య పోయి చాలాకాలమైంది. మనిషి పనిమంతుడు, మాట కటువు. గడ్డం గీయడంలో అతని చేతికి పేరుంది. రేవు ఆఫీసుల పెద్దమనుషులు కూడా మెట్లెక్కి వచ్చి అతని కత్తి కింద కళ్ళు మూసుకుని పడుకునేవారు. పొరుగువాళ్ళ దగ్గర మాత్రం పిల్లికి బిచ్చం పెట్టనివాడని పేరు. ఆ మాట నిజమే అన్నట్టు, ‘దయచేసి పిల్లులకు తిండి పెట్టకండి’ అని ముచ్చటైన కుంచె రాతతో రాసి షాపు గోడకు అంటించాడు. కినుయో రోజూ దాని ముందునుంచే సంచితో నడిచేది. ఇద్దరూ నమస్కారం చేసుకునేవారు, అంతే.

ఆ ఏడు వానాకాలంలో ఇవనగా షాపు కొన్ని రోజులు మూతపడింది. జ్వరం అన్నారు. చంకలో నిమ్మకాయంత గడ్డ లేచిందన్నారు. జ్వరం తగ్గాక కుడికన్ను మసకేసింది. ఎదుటి మనిషి చెవులు కనబడుతున్నాయి గానీ ముక్కు ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. పెద్దాసుపత్రిలో కంటిడాక్టరు చూసి, కంటి వెనక నరం వాచిందని చెప్పి, “మీ ఇంట్లో పిల్లి ఉందా?” అని అడిగాడు.

“లేదు. మా సందు నిండా మాత్రం అవే” అన్నాడట ఇవనగా.

ఆ మాట అతనికన్నా ముందే మెట్లెక్కేసింది. పేట పెద్ద ఒగుషి సమావేశం పెట్టించాడు. ముసలాయన, మెత్తనివాడు, ఎవరినీ నొప్పించకుండా బతుకుదామనుకునే మనిషి. బార్లీ నీళ్ళ గ్లాసులు పెట్టి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇవనగా నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు.

“నేను కత్తితో బతికేవాణ్ణి” అన్నాడు. “ఎదుటివాడి గొంతు మీద కత్తి పెట్టి బతికేవాణ్ణి. నా కన్ను పిల్లులు తినేశాయి. ఎవరి పిల్లులో నేను చెప్పక్కర్లేదు.”

“అదికాదు ఇవనగా గారూ, అవి ఎవరి పిల్లులూ కావు కదా...” అని ఒగుషి నసిగాడు.

“అన్నం పెట్టేవాళ్ళవే అవి.”

అందరి చూపులూ కినుయో మీద పడ్డాయి. ఆమెకు తల కొట్టేసినట్టయింది. “తప్పు నా పిల్లులదే అయితే నేనే చూసుకుంటాను. ముందు వాటిదో కాదో తేలనివ్వండి” అంది.

మర్నాడు పని ముగించుకుని ట్రామెక్కి హమసకి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. హమసకి పశువైద్యురాలు. కినుయో కన్నా చిన్నది, గలగలా మాట్లాడుతుంది. అంతకుముందు మోచికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసింది ఆవిడే. సంగతంతా విని, బుట్టలో తెచ్చిన నువ్వులును బల్లమీద పడుకోబెట్టి సన్నపళ్ళ దువ్వెనతో వీపంతా దువ్వింది. రాలిన నల్లటి నలుసుల్ని తడికాగితం మీద దులిపింది. చూస్తుండగానే ఒక్కో నలుసు చుట్టూ ఎర్రటి మరక పాకింది.

“మట్టి కాదండీ ఇది. ఈగుపిప్పి అని, బొచ్చులో దాగి గెంతే చిన్న పురుగు, దాని పెంట. పిల్లి రక్తం తాగి, అదే విసర్జిస్తుంది. ఆయనకు జబ్బు తెచ్చిన సూక్ష్మజీవి ఉండేది ఇందులోనే. పిల్లి గోక్కుంటుంది, గోళ్ళకింద ఇది చేరుతుంది. ఆ గోరు మనిషికి గీసుకుంటే లోపలికి పోతుంది.”

“అయితే దీనికి జబ్బేనా? బాగానే తింటోందే.”

“అదే చిత్రం. పిల్లికి ఏమీ కాదు. నెలల తరబడి రక్తంలో పెట్టుకుని హాయిగా తిరుగుతుంది. మనుషుల్లో కూడా చాలామందికి గడ్డ లేచి తగ్గిపోతుంది. కంటిదాకా పోవడం అరుదు. పాపం, ఆయన ఖర్మ.”

“మావాటిదో కాదో తెలుస్తుందా?”

పిల్లుల రక్తంలో ఆ సూక్ష్మజీవి ఉందో లేదో చూడటం ఒక ఎత్తు, అది ఏ రకమో చూడటం ఇంకో ఎత్తు అని చెప్పింది. ఒకే ఇంటిపేరు ఉన్నా కుటుంబాలు వేరైనట్టు, ఒకే సూక్ష్మజీవిలో జన్యువుల తేడాను బట్టి రకాలుంటాయి. విశ్వవిద్యాలయంలో హమసకి స్నేహితురాలు సరిగ్గా ఆ పనే చేస్తోంది. ఇవనగా చంకగడ్డలోంచి ఆసుపత్రివాళ్ళు తీసిన ద్రవం ఇంకా ఉంటే, ఆయన ఒప్పుకుంటే, రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఒగుషి వెళ్ళి అడిగితే ఇవనగా వెంటనే ఒప్పుకున్నాడు. “చూడనీ. తేలనీ. అప్పుడైనా ఆవిడ చేపల సంచి ఆగుతుంది” అన్నాడట.

పిల్లుల్ని పట్టడం కినుయోకు ప్రాణసంకటమైంది. తన చేతినే నమ్మి వచ్చిన వాటిని బోనులోకి పంపాలి. సందులోని పిల్లుల్ని విడతలు విడతలుగా పట్టుకెళ్ళింది. కురి ఒక్కటే దొరకలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, ఎండకాసే మెట్టు మీద వెల్లకిలా పడుకుని ఉంటే చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయింది. మెడ దగ్గర చారెడు బొచ్చు గీసి రక్తం తీస్తున్నంతసేపూ అది సుఖంగా గుర్రుమంటూనే ఉంది. “ఇంత మనిషి అలవాటున్న వీధిపిల్లిని నేను చూడలేదు” అంది హమసకి.

ఆ తర్వాత ఎదురుచూడటమే మిగిలింది. ఆ సూక్ష్మజీవి ప్రయోగశాలలో మహా నింపాదిగా పెరుగుతుందట. ఈలోగా సందులో మాటలు తగ్గాయి. గోడవార కినుయో పెట్టిన గిన్నెల్ని ఎవరో బోర్లించి వెళ్ళేవారు. తిట్టేవాళ్ళు లేరు, పలకరించేవాళ్ళూ లేరు. ఆవిరి పొగలో నిలబడి చేపముద్ద సాపుచేస్తూ ఆమె ఒకటే అనుకునేది: నావి కాకూడదు. మళ్ళీ వెంటనే, మరి ఎవరివి కావాలి, అని తనను తానే ప్రశ్నించుకునేది. ఎవరివైనా ఆ కన్ను ఆ కన్నే కదా.

వానలు వెనకబట్టాక హమసకి కబురు చేసింది.

“సగం పిల్లుల్లో ఉంది. అది నేను అనుకున్నదే. వాటిల్లో ఒక్కటి తప్ప అన్నీ ఒకే రకం, ఇక్కడ మామూలుగా దొరికేదే. ఇవనగా గారిది ఆ రకం కాదు.”

కినుయో గుండె తేలికపడబోయింది.

“ఆ ఒక్కటీ కురి. ఇవనగా గారి గడ్డలో ఉన్నదీ కురి రక్తంలో ఉన్నదీ చూసినంతమేరకు ఒకటే.” హమసకి ఆమె చేతిమీద చెయ్యి వేసింది. “కానీ వినండి. వేరని తేలితే వేరేనని గట్టిగా చెప్పొచ్చు. ఒకటేనని తేలితే మాత్రం ఈ పిల్లే గీరిందని ఒట్టేసి చెప్పలేం. ఇదే రకం ఇంకో సందు పిల్లిలోనూ ఉండొచ్చు. ఏ పిల్లిలో ఏముందన్న లెక్క ఆసుపత్రికి వెళ్ళదు. మీరు నోరు మెదపకపోయినా అడిగేవాళ్ళు లేరు.”

తిరుగుదారిలో ట్రాము కిటికీ పక్కన కూర్చుని కినుయో ఆ చివరి మాటనే నెమరేసింది. అడిగేవాళ్ళు లేరు. నిజమే. కానీ తేలనివ్వండి అని పదిమందిలో అన్నది తనే. తేలింది. ఇప్పుడు మొహం చాటేస్తే రోజూ ఆ షాపు ముందునుంచి ఎలా నడవడం? ఆమె ఇంటికి పోకుండా నేరుగా కింది మలుపు దగ్గర ఆగింది.

ఇవనగా ఖాళీ కుర్చీ తుడుస్తున్నాడు. ఆమెను చూసి తుడవడం ఆపాడు.

“నావాటిదే అయ్యుండొచ్చండీ” అంది గుమ్మంలో నిలబడే. “మిగతావి కాదు. ఒక్కటి కలిసింది. డాక్టరమ్మ రూఢి కాదంటోంది. అయినా మీకు చెప్పాలనిపించింది. క్షమించండి.” వంగి నమస్కరించి, కాసేపు అలాగే ఉండిపోయింది.

“ఏ పిల్లి?”

“చిన్నది. గోధుమరంగు చారలు. తోక చివర కొక్కెంలా వంగి ఉంటుంది. కురి అంటాను.”

ఇవనగా గుడ్డ మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. “ఎడమ ముందుకాలు తెల్లగా ఉంటుందా? సాక్సు తొడిగినట్టు?”

“అవునండీ. మీరు చూశారా?”

ఇవనగా గుడ్డ పక్కన పడేశాడు. తర్వాత లోపలి గది తలుపు పక్కకు జరిపి, ఆమె ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో, “బంచో, ఇలా రా” అన్నాడు.

పరుపు మడతల మధ్యనుంచి కురి లేచి వచ్చింది. ఒళ్ళు విరుచుకుంది. కినుయోను చూసి, పాత పరిచయస్థురాలిని చూసినట్టు ఒకసారి కళ్ళు ఆర్పి, వెళ్ళి ఇవనగా కాళ్ళకు ఒళ్ళు రాసుకుంది. మెడ దగ్గర గీసిన బొచ్చు ఇంకా పూర్తిగా పెరగలేదు.

“ఈ మెడ ఎవరు గీశారా అనుకుంటున్నా” అన్నాడు ఇవనగా. “ఎవడో వెధవ ఏడిపించాడనుకున్నా.”

“అయ్యో, రక్తం తీయడానికి గీసిందండీ!”

“చలికాలంలో వచ్చింది. ఒకటే వణుకు. ఒక్క రాత్రికే అనుకున్నా.” అతను కుర్చీలో కూలబడ్డాడు. పిల్లి వెంటనే ఒళ్ళోకి ఎక్కింది. “మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు ఇలాగే పడుకుంటుంది. ఆటలో గీరుతుంది. ఎన్నిసార్లు గీరిందో! డాక్టరు అడిగినప్పుడే నాకు అనుమానం. గోడమీద ఆ కాగితం రాసినవాణ్ణి నేను. ఇంట్లో పిల్లి ఉందని ఏ మొహంతో చెప్పను? పైగా వాళ్ళు వచ్చి దీన్ని పట్టుకుపోతారేమోనని... మీ మీదికి తోసేశాను.”

కినుయోకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. బోర్లించిన గిన్నెలు, పలకరించని ముఖాలు అన్నీ కళ్ళముందు తిరిగాయి. “ఇన్నాళ్ళూ నేను తిండి పెట్టడం నేరమన్నారు. మీరేం పెట్టేవారు దీనికి?”

“పచ్చి చేప. మంచి ముక్క.”

“అందుకా నా దగ్గర తినేది కాదు! చిక్కిపోతోందని నేను దిగులుపడి చచ్చాను.”

ఇవనగా నోట నవ్వులాంటిదేదో వచ్చి మధ్యలో ఆగిపోయింది. నల్లద్దాలు తీసి చేత్తో కళ్ళు నొక్కుకున్నాడు. “కన్ను తిరిగి వస్తుందన్నారు, చాలావరకు” అన్నాడు. “చాలావరకు అంటే ఎంతో చెప్పలేదు.” ఆ మాటతో ఆమె కోపం ఎటు పోవాలో తెలియక నిలిచిపోయింది. అతను పిల్లిని ఒళ్ళోంచి తోసెయ్యలేదు. అది మాత్రం ఆమె గమనించింది.

మర్నాడు ఇవనగా తనే ఒగుషి ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ముసలాయన “అయితే ఇంకో సమావేశం పెట్టాలా?” అని అడిగాడట దీనంగా. పెట్టారు. ఈసారి హమసకి వచ్చింది. పిల్లుల్ని తరిమితే వేరే పిల్లులు వేరే ఈగుపిప్పులతో వస్తాయనీ, ఉన్నవాటికి మెడమీద నెలనెలా మందుచుక్క వేసి, ఆపరేషన్లు చేయించి, గీరితే వెంటనే సబ్బుతో కడుక్కోవడమే మేలనీ చెప్పింది. ఒకరిద్దరు ఒప్పుకోలేదు. వాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు. మోచి ఎదురైతే గొడుగు ఆడిస్తారు.

ఇవనగా కన్ను శరదృతువుకు తేరుకుంది, పూర్తిగా కాదు. నిలువుగీత చూస్తే మధ్యలో నీటిలో కర్రలా కాస్త వంగుతుందట. గడ్డం గీయడం మానేశాడు. ఆ సంగతి పాత బేరగాళ్ళకు ఒక్కొక్కరికీ తనే చెప్పాడు. జుట్టు మాత్రం కత్తిరిస్తాడు. కొంతమంది రావడం మానుకున్నారు. కినుయో అంతకుముందు ఎక్కడో కత్తిరించుకునే జుట్టును ఇప్పుడు అక్కడే కత్తిరించుకుంటోంది.

ఆ ఏడు చివర్లో హమసకి బలవంతం మీద కినుయో తన రక్తం కూడా ఇచ్చింది. ఆ సూక్ష్మజీవి ఎప్పుడో ఆమె ఒంట్లోకి వచ్చి వెళ్ళిన ఆనవాళ్ళు కనబడ్డాయి. ఎప్పుడన్నది చెప్పలేమన్నారు. కినుయో ఒక వేసవిని గుర్తుచేసుకుంది. భర్త నుంచి విడిపోయిన కొత్తలో చాలా రోజులు జ్వరంతో మూలిగింది, చంకలో బిళ్ళ కట్టింది. బెంగవల్లే అనుకుని, ఆ మనిషిని ఇంతగా తలచుకుంటున్నానా అని తనమీద తనే చిరాకుపడింది. ఈ సంగతి చెబితే ఇవనగా కత్తెర ఆపాడు.

“అయితే ఆయన మీద బెంగ లేనట్టేనా?”

“ఉండే ఉంటుందిలెండి” అంది కినుయో. “జ్వరం వచ్చేంత మాత్రం కాదేమో.”

నెలకోసారి ఆదివారం ఇద్దరూ షాపు వెనక కూర్చుని పిల్లులకు మందు వేస్తారు. ఇవనగా పట్టుకుంటాడు, కినుయో మెడమీద బొచ్చు విడదీసి చుక్క వేస్తుంది. అతను బంచో అని పిలుస్తాడు, ఆమె కురి అంటుంది. అది రెండింటికీ పలకదు, మందు మూత విప్పుతున్న చప్పుడు వింటే చాలు గోడెక్కి కూర్చుంటుంది. దాన్ని దింపడానికి మంచి చేపముక్క ఎవరు తేవాలన్న దగ్గర వాళ్ళిద్దరూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు.