టోనర్ మార్చే మనిషి

మండలాఫీసు ఎదురుగా అర్జీలు ప్రింటు తీసే అక్కది ఒంటరి బతుకు. "భోంచేశావా అక్కా?" అని అడిగేది ప్రింటరులో టోనర్, అంటే సిరాపొడి, మార్చే మెకానిక్ ఒక్కడే. డూప్లికేట్ టోనర్ అయితే నెలనెలా వస్తాడు. ఒరిజినల్ వేస్తే నాలుగు నెలలదాకా అతని అవసరమే ఉండదు. అందుకే ఆమె డూప్లికేటే చాలనేది.

ఒకరోజు ఆమె ప్రింటు తీసిచ్చిన ఒక ముసలామె పింఛను అర్జీ ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. మడత దగ్గర పొడి రాలి పేరు చెరిగిపోయింది.

"నేనిక్కడే ఉన్నాగా తల్లీ, నా పేరెటు పోయింది?"

ఎదుట నిలబడ్డ మనిషిని కాదని కాగితాన్ని నమ్మే ఆఫీసది. అక్క వెంటనే మెకానిక్‌ని పిలిచింది.

"ఈసారి ఒరిజినల్ పెట్టు తమ్ముడూ."

"లాటరీ తగిలిందా ఏంటి? అయితే నాలుగు నెలలు నా పీడ వదిలినట్టే!" అంటూ నవ్వాడతను.

కొత్త అర్జీ మీద ముసలామె పేరు చెక్కినట్టు పడింది. ఇద్దరూ వెళ్లిపోయాక అక్క ఫ్యాను కట్టేసి, ఒక్కతే అన్నం డబ్బా తెరిచింది.