ఆదివారం నలుగు, నా మీసాలు

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే అమ్మ నన్ను స్నానాలగదిలోకి లాక్కెళ్లి గడియ పెట్టేది... నలుగు పెట్టడానికి. పరాయి దేశంలో, జీగెన్ అనే ఊళ్లో నాలుగో అంతస్తు ఇల్లు మాది. పీట మాత్రం గుంటూరు నుంచి సూట్‌కేసులో వచ్చింది.

శనగపిండి, పసుపు, మీగడ... నా పై పెదవి మీద పట్టించి, ఆరాక వెంట్రుకలకి ఎదురు రుద్దేది. తోలు ఊడొస్తుందేమో అనిపించేది. "కదలకు" అనేది. ఇంకో మాట ఉండేది కాదు. నాకప్పుడు పదేళ్లు.

ఒకసారి కస్తూరి పసుపు అయిపోతే కూరలో వేసే పసుపే గుప్పెడు కలిపింది. సోమవారం బడికి వెళ్తే టీచర్ నా మొహం చూసి కామెర్లనుకుని ఇంటికి పంపేసింది. డాక్టర్ దగ్గర టెర్మిన్... అదే, అపాయింట్‌మెంట్... తీసుకుని, రోగం లేదని కాగితం తెచ్చేదాకా రానివ్వలేదు. "మొహం కడుక్కోవడం కూడా చేతకాదు మొద్దుకి" అని అమ్మ నన్నే తిట్టింది.

అవన్నీ మర్చిపోయేదాన్నేమో... ఆ ఏడు ఉగాది మాత్రం మర్చిపోలేదు. తెలుగువాళ్లందరం ఓ హాల్లో కలిశాం. నా చేతిలో పులిహోర ప్లేటు. అమ్మ నా గడ్డం పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది.

"చూడండి వదినా, మా పిల్లకి మీసాలొచ్చాయి."

శారదత్తయ్య చుట్టమేం కాదు, పక్కవీధిలో ఉండేవారు. "మగపిల్లాడు కావాలని మొక్కుకున్నావుగా... దేవుడు సగం ఇచ్చాడు" అన్నారు. అందరికంటే ముందు నవ్వింది అమ్మే. ఏడిస్తే ఇంకా నవ్వుతారని నేను ప్లేటులోకి చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు నా ఉద్యోగం అదే దేశంలో ఇంకో ఊళ్లో, ఎష్‌బోర్న్‌లో. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నెల తిరక్కుండా అమ్మ మూతి మీద, గడ్డం కింద బిరుసు వెంట్రుకలు మొలిచాయి. తన కాటుక డబ్బా తెరిస్తే అడుగున ప్లక్కర్... వాడి వాడి అరిగిపోయింది. ఇన్నేళ్లూ తలుపేసుకుని పీక్కుందన్నమాట. "నాకూ ఉన్నాయే" అని ఆ పీట మీద ఒక్కసారి చెప్పి ఉంటే నాకు సరిపోయేది. జాలి వేయలేదు... ఒళ్లు మండింది.

మొన్న శారదత్తయ్య చూడటానికి వస్తున్నారని తెలిసి అమ్మ పొద్దున్నే అడిగింది. "ఈ మూతి సంగతి కాస్త చూడవే."

"సాయంత్రం చూద్దాంలే" అన్నాను. ఆవిడ వచ్చేది మధ్యాహ్నమని ఇద్దరికీ తెలుసు.

ఆవిడ ఉన్నంతసేపూ అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. టీ కప్పు అందుకోవాలంటే ఉన్నది ఒక్క చెయ్యే కదా... కొంగు జారింది. నేను అమ్మ గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను.

"చూడండి అత్తయ్యా, మా అమ్మకి మీసాలొచ్చాయి."

నవ్వింది నేనొక్కదాన్నే. శారదత్తయ్య కప్పు కింద పెట్టేశారు. అమ్మ కదల్లేదు... నా మొహంలోకి అలా చూస్తూ ఉంది.

ఆవిడ వెళ్లాక ప్లక్కర్ తెచ్చాను. "వద్దులేవే, ఉండనీ" అంది. ఆ మర్నాడు అడిగాను, ఆదివారమూ అడిగాను... అదే మాట.

ఈ కాలం పిల్లలకి క్రీములు, లేజర్లు... నలుగు సంగతే తెలీదు. మా పీట బాల్కనీలో పూలకుండీ కింద ఉంది. మీకు నలుగు పెడుతూ మీ అమ్మ ఏమనేదో చెప్పండి... మా అమ్మ "కదలకు" అనేది. ఆ మాట ఇప్పుడు నేను మెల్లగా అనాలని ఉంది. అమ్మ గడ్డం అందనివ్వడం లేదు.