మంచు కన్నంలో మీసాల అతిథి

ఆ వయసులో అలసటంటే ఏమిటో తెలియదు. తెలిసుంటే అలాస్కాకి ఒప్పుకునేవాణ్ణి కాదు. ఎంఎస్ అవగానే సియాటిల్‌లో ఒక సముద్ర పరిశోధనశాలలో ఉద్యోగం దొరికింది. అలాస్కా తీరంలో గడ్డకట్టిన సముద్రానికి కన్నం చేసి, కింది నీటి ఉప్పదనమూ వేడీ (వేడి అనడం మర్యాద కోసమే) కొలిచే పరికరాన్ని తాడుతో దించి, మళ్ళీ లాగడం నా పని. బావిలో చేద వేసినట్టేగా అనుకున్నాను. తోడుగా వరంగల్ సీనియర్ ఉండేవాడు, 'అన్నా' అని పిలిచేవాణ్ణి. మా బాస్ ఒక పెద్దావిడ; మాటలు తక్కువ, రూల్స్ ఎక్కువ.

ఒకరోజు రంపంతో మంచు కోసి కోసి భుజాలు పడిపోయాక పరికరం దించాం. తీరా లాగబోతే, కన్నంలోంచి బుస్సుమంటూ ఒక మీసాల తల పైకొచ్చింది. సీల్ అనే సముద్రజంతువు! ఊపిరి పీల్చుకుని, మమ్మల్ని ఎగాదిగా చూసి, అక్కడే ఉండిపోయింది.

"అన్నా, తోలేద్దామా?"

"ఏయ్, ముట్టకు! సీల్‌ని డిస్టర్బ్ చేస్తే కేస్ అయితది. అసలే వీసా బతుకులు మనయి."

బాస్ కూడా అదే మాట ఇంగ్లీషులో చెప్పి, మంచు మీద సామాన్లు లాగే స్లెడ్ బండి మీద కూర్చుని ఫ్లాస్క్ తెరిచింది. ఈలోగా కన్నం అంచుల్లో మంచు మళ్ళీ పేరుకుంటోంది. తాడు బిగుసుకుపోతే మాకున్న ఒకే ఒక్క పరికరం సముద్రం పాలే, మా సీజన్ అంతా దానితోనే. సీల్ మునిగేది, మేం తాడు పట్టుకోగానే తేలేది. ఓపిక నశించి నేను మోకాళ్ళ మీద కూలబడి, "తల్లీ, నీకు పుణ్యముంటుంది, కాస్త జరుగమ్మా" అని బతిమాలాను. అది తీరిగ్గా నా మొహం మీద తుమ్మింది. ఆ తుంపర్లు కనుబొమల మీదే గడ్డకట్టాయి.

"నీ ఆంధ్రా తెలుగు దానికి సమజ్ కాలే" అన్నాడు అన్న.

బాస్ కప్పు దించింది. "దానికి కావలసింది గాలి. పక్కన ఇంకో కన్నం కోయండి."

మళ్ళీ రంపం! ఏడవడానికి కూడా ఓపిక లేక కోశాం. సీల్ కొత్తింటికి మారినట్టు హాయిగా అటు మారింది. మేం తాడు చుట్టూ మంచు చెక్కి, పరికరాన్ని పైకి లాగాం. డేటా మొత్తం భద్రంగా ఉంది. బాస్ "గుడ్" అంది. అంతే.

ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. ఆఫీసులో లిఫ్ట్ ఆగిందంటే చాలు, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టేస్తాను. ఒక సీల్ సుఖం కోసం ఒళ్ళు హూనం చేసుకున్న ఆ కుర్రాడు ఎక్కడైనా కనిపిస్తే, కూర్చోబెట్టి భుజాలకి కాస్త బామ్ రాయాలనిపిస్తుంది.