జేజి అంటే ఎవరు

నాకు పాఠం చెప్పడం నేర్పినాయన నన్ను ఏడిపించి నేర్పాడు. నంద్యాలలో నా మొదటి ఉద్యోగం, బోర్డు బడిలో మూడో తరగతి. అక్కడి హెడ్మాస్టరు బక్కపలచని ముసలాయన, నవ్వడమనేది ఆయన ఒంట్లో లేదు. రోజూ వచ్చి నా తరగతిలో వెనక బెంచీ మీద పిల్లల పక్కన కూర్చునేవాడు. పిల్లల ముందు నన్ను ఒక్క మాట అనేవాడు కాదు. బడి వదిలాక తలుపు దగ్గరకు వేసి, "నేను మూడో తరగతి పిల్లోన్ని. పొద్దున నువ్వు చెప్పింది నాకర్థం కాల్యా. మళ్ళా చెప్పు," అనేవాడు. చెప్పేవాణ్ణి. "ఇంగా కాల్యా," అనేవాడు. భాగహారం ఒక్కటే ఏడుసార్లు చెప్పించి, నా కళ్ళలో నీళ్ళు తిరిగాక, "ఇప్పుడు కొంచెం అయితాంది," అన్నాడు మహానుభావుడు.

ఒకసారి ఒక పిల్లవాణ్ణి కొట్టాను. ఆ సాయంత్రం ఆయన నన్ను చేయి చాపమని, అదే బెత్తంతో అంతే గట్టిగా కొట్టాడు. "వాడు చెప్పబోయింది పూర్తిగా ఇన్యావా?" అని అడిగాడు. లేదన్నాను. ఇంకొకటి కొట్టాడు. ఆ కోపం నాకు చాలాకాలం పోలేదు. కానీ ఆ తర్వాత ఏ పిల్లవాడి మాటా మధ్యలో తుంచలేదు. నాకు పాఠం చెప్పడం వచ్చని ఎవరైనా అంటే, ఆ వచ్చిందంతా ఆ వెనక బెంచీ పుణ్యమే.

ఆళ్ళగడ్డలో చిన్న బడికి నన్ను పెద్దను చేసి పంపినప్పుడు ఆయన అడిగింది ఒకటే. "నీ చేతికిందికి ఎవడో ఒక కొత్తోడు వస్తాడు. వచ్చినప్పుడు ఎనక బెంచీలో కూచో." సరేనన్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆ కొత్తవాడు రానే వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి. కర్నూలు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న వాళ్ళ బావ ఎవరెవరినో పట్టుకుని ఈ ఉద్యోగం వేయించాడు. తెల్లని పంచె, తీయని గొంతు. మొదటిరోజే నేను పిల్లలతో మా యాసలో మాట్లాడుతుంటే విని, నవ్వి, "మీరు పాఠం కూడా ఇలాగే చెబుతారాండీ?" అన్నాడు. ఎగతాళి చేయాలని కాదు, కుర్రతనం, నోటికొచ్చింది అనేశాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఉండు, నీ పని చెబుతా అనుకున్నాను.

వెనక బెంచీలో కూర్చోలేదు నేను. మా రెండు తరగతులకూ మధ్య ఒక తడిక ఉండేది, దాని ఇవతల కూర్చుని వినేవాణ్ణి. పిల్లల మాట అతనికి అందేది కాదు, అతని మాట పిల్లలకు నవ్వులాట. పాపం మధ్యాహ్నాలు నా దగ్గరకు వచ్చి అర్థాలు అడిగేవాడు. "బిన్నా అంటే ఏమిటండీ?" అన్నాడొకరోజు. "నిదానంగా," అని చెప్పాను. మా సీమలో బిన్నా అంటే తొందరగా. మరునాడు బడి వదిలేటప్పుడు అతను "గోల చేయకుండా బిన్నా బిన్నా వెళ్ళండి," అంటే పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తారు. నేను కడుపుబ్బా నవ్వుకున్నాను.

ఇంకోరోజు, "జేజి అంటే దేవుడే కదండీ? మా వైపు చంటిపిల్లలకు జేజికి దణ్ణం పెట్టమని నేర్పుతాం," అన్నాడు. మా వైపు జేజి అంటే నాయనమ్మ. "దేవుడే, ఇంకేంది," అన్నాను ఏమీ ఎరగనట్టు.

అతని ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "ఇది పోతే మా బావగారి గుమ్మం మళ్ళీ తొక్కలేనండి. అమ్మా, చెల్లెలూ నామీదే ఉన్నారు. మీరే దారి చూపించాలి గురువుగారూ," అన్నాడు. గురువుగారూ అంటే నాకు హాయిగానే ఉండింది.

అతని తరగతిలో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి నాలుగు రోజులు బడికి రాలేదు. అయిదో రోజు వస్తే ఎందుకు రాలేదని అడిగాడు.

"జేజి సచ్చిపాయ సార్."

అతని మొహం చూసి వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తనతో ఆటలాడుతోందనుకున్నాడు అతను.

"ఎవరు చచ్చిపోయారు?"

"జేజి సార్."

బెత్తం చప్పుడు వినిపించింది.

"సరిగ్గా చెప్పు. ఎవరు?"

"మా జేజి సార్."

మళ్ళీ చప్పుడు. తడిక ఇవతల నేను హాజరుపట్టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. "వాళ్ళ నాయనమ్మప్పా," అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు. ఇంకొకటి పడనీ, బాగా ఇరుక్కుంటాడు అనుకున్నాను. సరిగ్గా ఆ మాటలే అనుకున్నాను. ఆరు దెబ్బలు పడ్డాయి. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు.

చివరికి ఒక పిల్లవాడు ఏడుపుగొంతుతో, "జేజంటే వాళ్ళ నాయనకు అమ్మ సార్," అన్నాడు.

అతను బెత్తం చేత్తో పట్టుకునే తడిక దాటి నా దగ్గరకు వచ్చాడు. "దేవుడని చెప్పారు కదండీ మీరు," అన్నాడు.

"పరాచికానికి అన్యాలేప్పా."

బెత్తం నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంటికి పోయి వాళ్ళ నాయన ముందు చేతులు జోడించాడట. ఆ తర్వాత మళ్ళీ అర్థాలు అడగడానికి నా దగ్గరకు రాలేదు.

నెల తిరగకముందే ఇన్‌స్పెక్టరు అతని పనితీరు గురించి నన్ను రాసిమ్మన్నాడు. "పిల్లలు చెప్పేది అర్థం చేసుకోలేడు, కొడతాడు," అని రాసిచ్చాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అతని ఉద్యోగం పోయింది. బస్సెక్కే ముందు వచ్చి నాకు నమస్కారం పెట్టి, "మీ దగ్గర చాలా నేర్చుకుందామనుకున్నానండి," అన్నాడు. "మంచిది," అన్నాను నేను. అంతకంటే నీచమైన మాట నా జీవితంలో ఇంకొకటి అనలేదు.

మరునాడు అతని తరగతి కూడా నామీదే పడింది. ఆ పిల్ల లేచి నిలబడి, "ఆ సార్ ఎప్పుడొస్తాడు సార్?" అంది.

"రాడు. ఏం, నిన్ను కొట్టినాడు గదా?"

"తెలీక కొట్టినాడు సార్. అప్పట్నుంచి మద్యాన్నం పూట మేం మాటలు చెప్తాంటే రాసుకుంటాండె. ఇంగా శానా మాటలు నేర్పియ్యాల సార్ మేము."

"యాడ కూచుంటాంటిరి?"

"ఈడనే సార్. ఎనక బెంచీలో. ఆ సార్ మా పక్కన."

ఆ పిల్లను కూర్చోమన్నాను. తర్వాత నంద్యాలకు ఎన్నిసార్లు వెళ్ళానో. మా హెడ్మాస్టరు బతికున్నన్నాళ్ళూ ఆయన వీధిలో అడుగు పెట్టలేదు. పెడితే ఆయన అడిగేది ఒకటే, కొత్తోడు వచ్చినాడా అని.