నాలుగింటి వేడినీళ్ళు

మరాఠీలో చదువుకున్న మా అమ్మాయి ప్రపంచ చరిత్ర పరీక్షకు చదువుతూ, ఆ పాఠాలే నాకూ మా ఆయనకూ తెలుగులో చెబుతుంటుంది. రాజులూ ఓడలూ యుద్ధాలూ అయిపోయి, నిన్న ఆవిరి యంత్రాల దగ్గరికొచ్చింది.

"అంతకుముందు మనుషులు పొద్దును చూసి పనిచేసేటోళ్ళట. ఫ్యాక్టరీలొచ్చినంక భోంగా మోగితే లేసుడు, భోంగా మోగితే తినుడు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "గాళ్ళు గట్లనేమో. మనం భోంగా మోగితే బతికినమా ఏంది?"

అంటూనే లేచి స్టవ్ మీద స్నానానికి నీళ్ళు పెట్టాను. మా ఆయన అప్పటికే భుజాన తువ్వాలు వేసుకున్నాడు. గడియారంలో నాలుగయింది. ఘుగ్గుస్ బొగ్గు గనిలో ఆయన షిఫ్టు దిగే వేళ అది. ఆయన రిటైరై, మేం చంద్రపూర్ వచ్చి ఆరేళ్ళయింది. గని భోంగా, అదే సైరన్, ఇక్కడికి వినిపించదు.

అమ్మాయి పుస్తకం మూసేసి పడీపడీ నవ్వింది.

"నవ్వుతవేంది? సదువుకో" అని కసిరి, నీళ్ళు కాగాక ఆయనకు తోడిచ్చి, కాసేపటికి పెరట్లోకి వెళ్ళాను. అక్కడ ఆయన స్నానం నీళ్ళు తూములోంచి వస్తున్నాయి. ఒకప్పుడు ఈ వేళకు కాటుకలా పారేవి. ఇప్పుడు సబ్బు నురగతో తెల్లగా, కరివేపాకు మొక్క మొదట్లోకి పోతున్నాయి.