పసుపు కింద రేవు

సముద్రపొడ్డున ఉన్న మైపాడు నుంచి వచ్చే ఆటో నెల్లూరు తూర్పున ఒక పాత సందు మొగలో ఆగగానే అంకాలమ్మ చేపల గంప దించుతుంది. దించుతుందే కానీ అమ్మకం మొదలుపెట్టదు. ముందు గంపలోంచి ఒక మంచి చేపను ఏరి, అక్కడ నడుమెత్తున నిలబడి ఉన్న రాయి ముందు పెట్టాలి. ఆ రాయి పోలేరమ్మ. తొలిచేప ఆమెది. ఎంత తొందరలో ఉన్నవాళ్ళయినా అప్పటిదాకా నోరు మూసుకుని నిలబడాల్సిందే. అంకాలమ్మ ఇటు తిరగ్గానే ఆ చేపను పక్కింటి పిల్లి ఎత్తుకుపోతుందని సందంతటికీ తెలుసు. పోలేరమ్మ పేరు చెప్పుకుని ఆ పిల్లి దూడంత అయింది. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "అమ్మోరు ఏ రూపంలో తింటే నీకేంది అబ్బయా, నువ్వు కొనేది కొను" అని కసురుతుంది.

ఈ పద్ధతి ఆమెకు అత్త నేర్పింది. అత్తకు వాళ్ళ అత్త. కొత్త కోడలిగా గంపతో వచ్చిన రోజున తొలిచేప మరిచి బేరానికి దిగితే, అత్త నలుగురి ముందే నెత్తిన మొట్టింది. మొట్టికాయ తిన్న ఆ కోడలే ఇప్పుడు తన కోడలు రోజాకు నేర్పుతోంది. ప్రతి శుక్రవారం రాయికి నూనె రాసి, పసుపు పూసి, కుంకుమ పెడతారు. పాత పసుపు మీదే కొత్త పసుపు. కడిగే ఆచారం లేదు. అలా పూసి పూసి అమ్మవారు బాగా ఒళ్ళు చేసింది.

మొగుడు పోలేరయ్య వేటకు పోయి తుఫానులో చిక్కుకున్న ఏడు, అంకాలమ్మ ఈ రాయిని కావలించుకుని ఏడ్చింది. పడవ తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో చెప్పుకోలేనివి కూడా ఆ రాయికే చెప్పుకుంటుంది.

సందు పొడుగునా ఒక మురుగు కాలువ ఉంది. ఈ మధ్య దాన్ని వెడల్పు చేసే పని మొదలైంది. పోలేరమ్మ రాయి, గంపలు దించే చోటు రెండూ దానికి అడ్డం. పని చూసుకునే పెంచల్ మంచివాడే, మాట మెత్తన.

"అమ్మోర్ని ఊరికే పీకం అక్కా. మంచిరోజు చూసి, మేళం పెట్టి గుళ్ళోకి తీసకపోతాం. నీడ పట్టున ఉంటది" అన్నాడు.

"మరి మేము?"

పెంచల్ తల గోక్కున్నాడు. "మీరు ఇంకెక్కడన్నా చూసుకోవాల. ఈ సందులో మీకు చోటని యాడా లేదు గదక్కా. అమ్మోరుందని ఇన్నాళ్ళు ఎవురూ అడగలా."

అంకాలమ్మకు ఒళ్ళు మండింది, కానీ ఏమని వాదిస్తుంది? అమ్మవారికి గుడి దొరుకుతోంది. అమ్మవారిని నమ్ముకుని గంప దించినవాళ్ళకు జానెడు నేల దొరకడం లేదు. తనదేముంది, రేపో మాపో కాళ్ళు చాపుకుని ఇంట్లో కూర్చుంటుంది. రోజా ఎక్కడ అమ్ముకోవాలి? ఏ చేప కోసం ఎవరొస్తారో తెలిసిన చోటు మళ్ళీ యాడ దొరుకుతుంది?

ఆ సమయంలోనే ఎవాంజెలిన్ టీచరు కాలువ దగ్గరికి వచ్చింది. రిటైరయ్యాక ఆమెకు ఒకటే పిచ్చి. నెల్లూరులో పాత గోడలు, పూడిపోయిన బావులు, పేరు మారిన వీధులు వెతుక్కుంటూ తిరుగుతుంది. "నెల్లూరికి చరిత్రేంది టీచరమ్మా, చేపల పులుసు తప్ప" అని జనం నవ్వితే తనూ నవ్వేసి తన పని తాను చూసుకుంటుంది. కూలీలు తవ్విన చోట బురద కింద రాతి మెట్లు బయటపడ్డాయి. అవి నేరుగా పోలేరమ్మ దగ్గరికి ఎక్కుతున్నాయి. టీచరు కాసేపు మెట్లను చూసింది, కాసేపు రాయిని చూసింది.

"అంకాలమ్మా, ఒకప్పుడు ఇక్కడ పడవలు ఆగేవేమో. ఈ రాయి వాటిని కట్టేసే గుంజేమో. పసుపు తీసి చూస్తే తెలుస్తుంది. ఇది రేవని తేలితే, మీ చోటు గురించి పైవాళ్ళతో మాట్లాడొచ్చు. వింటారని మాత్రం మాటివ్వలేను."

"మా అమ్మోరికి గుడ్డ విప్పి చూస్తావా? ఆ మాటనేదానికి నీకు నోరెట్టా వచ్చింది టీచరమ్మా?"

టీచరు బతిమాలలేదు. "నీ అమ్మవారు. నువ్వు వద్దంటే వద్దు" అని, ఎప్పటిలాగే చందువ చేప కొనుక్కుని వెళ్ళిపోయింది.

పోట్లాడి ఉంటే అంకాలమ్మ నాలుగు మాటలు అనేసి మరిచిపోయేది. ఆ నెమ్మదే ఆమెను పట్టుకుంది. ఆటోలో ఇంటికి పోతున్నంతసేపూ ఒకటే ఆలోచన. పసుపు కింద ఉన్నది ఉత్త రాయే అయితే? ఇన్నేళ్ళు తన గోడంతా ఎవరికి చెప్పుకున్నట్టు? ఆమెకు నిజంగా భయమేసింది. సముద్రమంటే కూడా ఎన్నడూ అంత భయపడలేదు.

మైపాడు ఒడ్డున పోలేరయ్య పడవ మోకును గుంజకు కడుతున్నాడు. కొయ్య గుంజ. మోకు ఒరిసి ఒరిసి దాని మెడ దగ్గర గాడి పడింది. రోజూ చూసేదే. ఆ రోజు అంకాలమ్మ దగ్గరికి పోయి గాడిలో వేలు పెట్టింది.

"ఏందిమే, గుంజకు దిష్టి తీస్తుండావా?" అని పోలేరయ్య నవ్వాడు.

మర్నాడు టీచరును పిలిపించి, రాయి ముందు టెంకాయ కొట్టి చెంపలేసుకుంది. "తల్లీ, తప్పయితే నన్ను కొట్టు. పిల్లల జోలికి పోబాక." వేడినీళ్ళు, కుంకుడు రసం, కొబ్బరి పీచు తెచ్చుకుంది. ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. బిడ్డకు తలంటినట్టు మెల్లగా రుద్దింది. పసుపు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కళ్ళు లేవు, ముక్కు లేదు. రోజా చూడలేక ముఖం తిప్పుకుంది. ఇంకా కిందికి రుద్దితే, రాయి మెడ దగ్గర చేతికి గాడి తగిలింది. నున్నగా అరిగిపోయిన గాడి. వేలు అందులో సరిగ్గా ఇమిడింది.

అంకాలమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్మవారు కాకుండా పోయిందన్న ఏడుపు కొంత. మిగతాది ఎందుకో ఆమెకే తెలియలేదు.

"అయితే అమ్మోరు కాదా అత్తా?" అంది రోజా.

"మోకులు కట్టిన గుంజే ఇది. మనోళ్ళ మోకులు."

టీచరు కూడా పక్కనే చతికిలబడింది. "సముద్రం వైపు నుంచి కాలువ ఇక్కడిదాకా వచ్చేదేమో. మీవాళ్ళు ఈ గుంజకు పడవ కట్టి, ఈ మెట్లెక్కి, ఇక్కడే గంపలు దించేవాళ్ళేమో. క్షేమంగా చేరినందుకు తొలిచేప పెట్టి ఉంటారు. పడవలు ఎప్పుడో మానేశాయి. మీరు మానలేదు."

అంకాలమ్మ కళ్ళు తుడుచుకుని, పని ఆపి చూస్తున్న పెంచల్ వైపు తిరిగింది. "ఏమబ్బయా, మాకు చోటని యాడా లేదంటివే. దీంట్లో వేలు పెట్టి ఆ మాట ఇంకోతూరి చెప్పు."

పెంచల్ వంగి గాడిలో వేలు పెట్టాడు. తర్వాత పక్కకు పోయి ఫోన్ చేశాడు.

పైవాళ్ళు వచ్చారు, చూశారు, వాదించుకుని పోయారు, మళ్ళీ వచ్చారు. అమ్మవారినైతే ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, రేవును ఎక్కడికి తీసుకుపోతారు? చివరికి అక్కడ కాలువే కాస్త పక్కకు జరిగింది. మెట్లు, రాయి ఉన్నచోటే ఉన్నాయి. గంపలు కూడా.

శుక్రవారం రోజా పసుపు గిన్నె పట్టుకుని తటపటాయించింది. "ఇంకా పుయ్యాల్నా అత్తా?"

"ఎందుకు పుయ్యవు? మీ మామను తెచ్చి ఇచ్చింది ఎవురనుకున్నావు?" అని అంకాలమ్మ గిన్నె లాక్కుంది. తల నుంచి మెడదాకా నిండుగా పూసింది. గాడి దగ్గర ఆగింది. దాన్ని వదిలేసి కింద మళ్ళీ పూసింది. గంపలోంచి మంచి కానాగంత చేపను ఏరి ముందు పెట్టింది. పిల్లి అప్పటికే వచ్చి కూర్చుంది.

రోజా చేతికి అంటిన పసుపుతో గాడి మీదికి వంగబోతే, అంకాలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆ కాస్తా కప్పబాకమే. మళ్ళా కప్పినావంటే, రేపు నీ కోడల్ని ఇంకెక్కడన్నా చూసుకోమంటారు."